లిమరిక్ ప్రాంతీయ రైళ్లు: పెట్టె పాతదే కానీ జబ్బు పెట్టెది కాదు

సీతాఫల్‌మండి స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఒక టీ కొట్టు ముందు, ఉదయపు నడక ముగించుకుని రోజూ కూర్చునే రిటైర్డ్ రైల్వే ఉద్యోగులం ఆరేడుగురం ఉన్నాం. మాలో ఎవరైనా పిల్లల దగ్గరికి విదేశం వెళ్లి వస్తే, మనవడి ముచ్చట్ల కంటే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడి బండ్లు ఎట్లున్నాయి? లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు పెట్టెల మరమ్మతు చేసి పదవీ విరమణ పొందిన నేను, ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉండి వచ్చాను కనుక, ఈసారి ఆ ప్రశ్న నా వంతు అయింది. టీ కొట్టు దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను. పిల్లలు డ్యూటీలకు వెళ్లిపోయాక పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, సొంతంగా నాలుగు ఊళ్లు తిరిగి రావాలనుకునే హైదరాబాద్ తల్లిదండ్రులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

డబ్లిన్ నుంచి కార్క్‌కు పరుగెత్తే పెద్ద బండ్ల సంగతి ఇక్కడ ఎక్కువగా రాయను, ఎందుకంటే వాటిని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. నా సమీక్ష లిమరిక్ కేంద్రంగా తిరిగే చిన్న బండ్ల గురించి. ఒకటి నీనా, రాస్‌క్రే మీదుగా బాలీబ్రఫీ వెళ్లే దారి; రెండోది ఎన్నిస్, ఆథెన్రై మీదుగా గాల్వే వెళ్లే దారి; మూడోది లిమరిక్ జంక్షన్‌లో బండి మారి టిప్పరరీ, కేహిర్, క్లాన్‌మెల్ మీదుగా వాటర్‌ఫర్డ్ వెళ్లే దారి. మూడింటిలోనూ ప్రయాణించాను, గాల్వే దారిలో నాలుగుసార్లు.

ముందుగా పెట్టె సంగతి చెప్పాలి, ఎందుకంటే వర్క్‌షాపు మనిషి కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఒక చిన్న సవరణ కూడా ఇక్కడే చేసుకుంటాను. మన జనం బోగీ అని పిలిచేది ప్రయాణికులు కూర్చునే పెట్టెను. మా వర్క్‌షాపు భాషలో బోగీ అంటే ఆ పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఈ వ్యాసంలో పెట్టెను పెట్టె అనే అంటాను. లిమరిక్ చుట్టుపక్కల తిరిగే బండి సాధారణంగా రెండు పెట్టెలది. దానికి ముందు ఇంజన్ ఉండదు, ప్రతి పెట్టె అడుగునా డీజిల్ ఇంజన్ బిగించి ఉంటుంది, రెండు చివరలా డ్రైవర్ గది ఉంటుంది. మన వైపు డెమూ అంటామే, ఆ కుటుంబానికి చెందినదే. వాళ్లు దీన్ని 2800 తరగతి అంటారు. జపాన్‌కు చెందిన టోక్యూ కార్ సంస్థ తయారు చేయగా ఇవి 2000లో సేవలోకి వచ్చాయి, గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు.

పాతికేళ్లు దాటిన బండి అనగానే మన ఊహలో మెదిలే దృశ్యం వేరు. లాలాగూడలో ఐసీఎఫ్ పెట్టెకు, అంటే చెన్నై కర్మాగారం తయారుచేసిన పాత తరహా పెట్టెకు, 25 ఏళ్లను ఆయుష్షుగా లెక్కించేవారు, ఆ వయసుకు దగ్గరైన పెట్టె పీవోహెచ్‌కు, అంటే నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతుకు వచ్చిందంటే మరుగుదొడ్డి కింద, తలుపు గడప కింద ఇనుము ఎంత తినేసిందో సుత్తితో తట్టి చూడటమే మా మొదటి పని. అలవాటు చావదు కనుక లిమరిక్ ప్లాట్‌ఫారం మీద కూడా వంగి తలుపు గడపలను, పెట్టె అంచులను పరిశీలించాను; మా ఆవిడ పక్కకు లాగి, ఇది మీ షెడ్డు కాదని గుర్తు చేసింది. కనిపించినంత మేరకు రంగు కింద ఉబ్బులు లేవు, తలుపులు బటన్ నొక్కగానే తడబడకుండా తెరుచుకున్నాయి, సీట్ల బట్ట వెలిసిపోయినా చిరుగులు లేవు, కిటికీ అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. ప్లాట్‌ఫారం పెట్టె నేలకు దాదాపు సమానంగా ఉండటం వల్ల మోకాళ్ల నొప్పితో బాధపడే మా ఆవిడ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కింది. మన పల్లె స్టేషన్లలో నిచ్చెన ఎక్కినట్టు పెట్టె ఎక్కిన వారికి దీని విలువ తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వణుకు నేలలోంచి అరికాళ్లకు, అక్కడి నుంచి సీటు వెన్నుకు పాకుతుంది, కదిలి వేగం అందుకునే వేళ గట్టిగా గుర్రుమంటుంది. విద్యుత్తుతో నడిచే మన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు దీనికంటే చప్పుడు చాలా తక్కువ. బేగంపేట్ నుంచి నెక్లెస్ రోడ్ వరకు పక్క మనిషి ఫోనులో చెప్పే రహస్యాలన్నీ వినిపించేంత నిశ్శబ్దం దానిది. లిమరిక్ బండిలో ఆ సౌకర్యం లేదు, అది మంచిదో చెడ్డదో చదివేవారే తేల్చుకోవాలి. ఐర్లాండ్ రైళ్లలో కరెంటు తీగ కింద నడిచేది డబ్లిన్ తీరం వెంట 1984లో మొదలైన డార్ట్ లైను ఒక్కటే, తక్కినదంతా డీజిల్. బ్రాడ్‌గేజ్ దారులన్నిటి మీదా దాదాపుగా తీగ పరిచేసిన దేశం నుంచి వెళ్లిన నాకు ఇది ఆశ్చర్యం కలిగించింది. పట్టాల మధ్య ఎడం కూడా వాళ్లది వేరే. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లయితే వాళ్లది 1,600. ఐరోపాలో తక్కిన చాలా దేశాలు వాడే 1,435 మిల్లీమీటర్ల కొలతకు ఇది సరిపోదు కనుక, పక్క దేశం వదిలేసిన పాత బండిని చవకగా కొని తెచ్చుకుని రేపే నడిపే వీలు వాళ్లకు లేదు. చక్రాల చట్రాలు మార్చాల్సిందే, లేదా తమ కొలతకు కొత్తవి చేయించుకోవాల్సిందే.

అందుకే అక్కడ ఒక బండి జీవితకథ మన ఇళ్లలో పెద్దకొడుకు చొక్కా కథలా నడుస్తుంది. కొత్త బండి ఎప్పుడూ రాజధానికే వస్తుంది. పెద్దవాడు వేసుకుని పొట్టిదయ్యాక అది రెండోవాడికి, ఆ తరువాత చిన్నవాడికి చేరుతుంది. ఇప్పుడు కార్క్ చుట్టుపక్కల కోవ్, మిడిల్టన్ దారుల్లో తిరిగే 2600 తరగతి బండ్లు 1994లో డబ్లిన్ పక్కనున్న కిల్డేర్ దారి కోసం వచ్చినవే, వాటి వయసు ముప్పై దాటింది. లిమరిక్‌లో తిరిగే 2800 తరగతి కూడా మొదట డబ్లిన్ శివారు ప్రయాణికులను మోసి మోసి ఇక్కడికి చేరింది. మధ్యలో 1990ల చివర వచ్చిన 2700 తరగతి అనే తమ్ముడు ఒకడుండేవాడు, వాడు అన్నకంటే ముందే 2012లో విశ్రాంతి తీసుకున్నాడు. ఇందులో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు, ఎందుకంటే ఎక్స్‌ప్రెస్‌ల నుంచి దించిన పెట్టెలను ప్యాసింజర్ బండ్లకు తగిలించడం మనకూ పాత ఆచారమే. పైగా శ్రద్ధగా చూసుకుంటే ముప్పై ఏళ్ల పెట్టె కూడా మర్యాదగా నడుస్తుందని నేను కళ్లారా చూసినవాణ్ని. పెట్టెకు పదికి ఏడు మార్కులు ఇస్తాను.

మార్కులు పోయేది వేళల పట్టికలో. లిమరిక్ నుంచి బాలీబ్రఫీకి నేనున్నప్పుడు రోజుకు ఒక్కో దిశలో రెండేసి బండ్లే నడిచాయి. లిమరిక్ జంక్షన్ నుంచి వాటర్‌ఫర్డ్‌కు కూడా రెండేసి, ఆదివారం నాడు అసలే లేవు. కేహిర్‌లో నది మధ్య రాతిగుట్ట మీద నిలిచిన పాత కోటను చూద్దామని ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టించుకుని సిద్ధమయ్యాక, ఆ రోజు ఆ దారిలో బండి లేదని మా అమ్మాయి చెప్పింది. తప్పు నాదే, ముందుగా పట్టిక చూసుకోలేదు. ఆదివారమంటేనే చుట్టాల ఇళ్లకు, గుళ్లకు, జూపార్కుకు కదిలే నగరంలో పుట్టి పెరిగిన వాడికి, ఆదివారం రైలు లేని దారి ఒకటుంటుందన్న ఊహే రాలేదు. ఆ పులిహోర ఇంటి వెనుక తోటలో కూర్చుని తిన్నాం.

మరునాడు వెళ్లాం. ఆ దారి అందంలో నాకు ఫిర్యాదు లేదు. టిప్పరరీ దాటాక ఎడమా కుడీ పచ్చిక బీళ్లు, వాటి వెనుక కొండలు, కేహిర్ దగ్గర షూర్ నది మీద ఎత్తైన వంతెన. అయితే దాదాపు 90 కిలోమీటర్ల దారికి గంటన్నరకు పైగా పడుతుంది. బాలీబ్రఫీ దారి కూడా అంత పొడవే, దానికి రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. 120 వేగంతో వెళ్లగల బండి ఇలా ఎందుకు నడుస్తుందని అడిగితే, జవాబు పెట్టెలో లేదు, దాని కింద ఉంది. ఇవి సింగిల్ లైన్లు. ఎదురు బండికి దారివ్వాలంటే లూపు, అంటే ఒక బండి పక్కకు తప్పుకునే అదనపు లైను, ఉన్న స్టేషన్‌కు చేరేదాకా ఆగాలి, లూపులు చాలా దూరదూరంగా ఉన్నాయి. కొన్నిచోట్ల పట్టాల మీద వేగ పరిమితులు పెట్టారు, లెవెల్ క్రాసింగులు అనేకం ఉన్నాయి. బాలీబ్రఫీ దారిలో పాత అతుకుల పట్టాలను తీసి వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాలను భాగాలు భాగాలుగా వేస్తూ వచ్చారు. కూర్చున్నవాడికి కింద టకటక శబ్దం ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ మొదలైందో చెవికే తెలుస్తుంది. మా ఆవిడ నిద్రపోయింది, నేను మాత్రం కిలోమీటరుకు ఎన్ని అతుకులో లెక్కపెడుతూ కూర్చున్నాను.

లిమరిక్ జంక్షన్ గురించి ఒక పేరా రాయకపోతే మా టీ కొట్టు మిత్రులు ఒప్పుకోరు. పేరు లిమరిక్ జంక్షన్, కానీ అది లిమరిక్ నగరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, లిమరిక్ కౌంటీలో కూడా కాకుండా టిప్పరరీ కౌంటీలో ఉంటుంది. బోర్డు మీద హైదరాబాద్ అని రాసి ఉన్నా నగరమంతా నాంపల్లి అని పిలిచే స్టేషన్‌ను చూసినవాళ్లం కనుక పేర్ల వింతలు మనకు కొత్త కాదు, అయితే ఇది మరీ దూరపు వింత. డబ్లిన్ నుంచి కార్క్ వెళ్లే ప్రధాన లైనును లిమరిక్ నుంచి వాటర్‌ఫర్డ్ వెళ్లే లైను ఇక్కడ దాదాపు అడ్డంగా, పట్టాల మీద పట్టాలుగా కోసుకుంటూ పోతుంది. నాగపూర్ డైమండ్ క్రాసింగ్ గురించి విన్న ప్రతి రైల్వే మనిషీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూస్తాడు. ఈ అల్లిక వల్ల చాలా దశాబ్దాల పాటు ప్రధాన లైను బండ్లు స్టేషన్‌ను దాటి ముందుకు వెళ్లి, వెనక్కి నడిచి ప్లాట్‌ఫారానికి చేరవలసి వచ్చేది. ఆ తిప్పలు ముందే తప్పినా, 2019లో అవతలి వైపు కొత్త ప్లాట్‌ఫారం కట్టాక పరిస్థితి మరింత మెరుగైంది. లిమరిక్ నుంచి ఇక్కడికి నడిచే షటిల్ బండ్లు మాత్రం మెచ్చుకోదగ్గవి. డబ్లిన్, కార్క్ బండ్లకు అందేలా వేళలు కలిపి రోజంతా తిరుగుతాయి, అదే పాత రెండు పెట్టెల బండితోనే. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పెట్టె వయసు రెండు దారుల్లోనూ ఒకటే, ఒకచోట అది నిండుగా నడుస్తుంది, ఇంకొకచోట ఖాళీగా నడుస్తుంది. జనం రావడం లేదు కనుక బండ్లు తగ్గించామని, బండ్లు లేవు కనుక జనం రావడం లేదని గిర్రున తిరిగే తిరగలి ఇది. వాటర్‌ఫర్డ్ నుంచి రాస్లేర్ రేవుకు వెళ్లే దారి ఆ తిరగలిలోనే నలిగి 2010 సెప్టెంబర్‌లో ప్రయాణికులకు మూతపడింది.

గాల్వే దారి కథ కొంత ఆశ కలిగిస్తుంది. 1976లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయిన ఎన్నిస్, ఆథెన్రైల మధ్య దారిని 2010 మార్చిలో మళ్లీ తెరిచారు. రోజుకు ఐదు బండ్ల వరకు ఉండటం వల్ల పొద్దున వెళ్లి, గాల్వే సముద్రతీరంలో నడిచి, సాయంత్రం ఇంటికి చేరవచ్చు. మా అమ్మాయి స్నేహితులైన తెలుగు కుటుంబాలు కూడా ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే ఈ బండినే ఎక్కిస్తారు. ప్రయాణం రెండు గంటలు. 2017లో గోర్ట్ నుంచి ట్యూమ్ దాకా మోటారు రహదారి పూర్తయ్యాక కారులో వెళ్లేవాడికి గంటన్నర లోపే సరిపోతుంది, కాబట్టి అక్కడ రైలు పోటీ పడుతున్నది తన పాత పెట్టెతో కాదు, కొత్త రోడ్డుతో. వర్షాలు విపరీతంగా కురిసిన శీతకాలాల్లో బాలీకార్ దగ్గర లైను మీదికి నీరు చేరి దారి మూతపడిన సందర్భాలు కూడా ఉన్నాయి; డిసెంబర్, జనవరి నెలల్లో వెళ్లేవారు ముందురోజు విచారించుకోవడం మేలు. గాల్వేకు దగ్గరలోని ఓరన్‌మోర్ వద్ద రెండో ప్లాట్‌ఫారం, లూపు లైను పని చేపట్టారు. బయటివారికి అది చిన్న పనిలా కనిపించవచ్చు. సింగిల్ లైను మీద ఒక్క లూపు పెరిగితే పట్టికలో ఎన్ని గళ్లు నిండుతాయో, బండ్ల రాకపోకలను నడిపించే కంట్రోల్ ఆఫీసులో పనిచేసిన వారిని అడగాలి.

ఇక్కడ మన ఊరి మాట రాకుండా ఉండదు. 2003 ఆగస్టు 9న మన ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు నేను లింగంపల్లి దాకా కేవలం సరదాకు వెళ్లి వచ్చినవాణ్ని. కరోనాకు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచిన వ్యవస్థ, ఏడాదికి పైగా ఆగి, 2021 జూన్‌లో కొద్ది బండ్లతో మళ్లీ మొదలైంది. టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలవుతుంది, ఇంతకంటే చవకైన ప్రయాణం నగరంలో లేదు. అయినా హైటెక్ సిటీ ఉద్యోగి ఎక్కువ డబ్బు పెట్టి మెట్రో ఎక్కుతాడు, ఎందుకంటే మెట్రోకు టైంటేబుల్ ఎవరూ అడగరు, ప్లాట్‌ఫారం మీదికి వెళ్తే బండి వస్తుంది. ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు లేవు, ఎక్స్‌ప్రెస్‌లకూ గూడ్సులకూ దారిచ్చి మిగిలిన సందులో నడవాలి. లిమరిక్‌లో సింగిల్ లైను చేసే పనిని సికింద్రాబాద్‌లో ఎక్స్‌ప్రెస్‌ల రద్దీ చేస్తుంది. రోగం పేరు వేరైనా లక్షణం ఒక్కటే, ప్రయాణికుడు గడియారం చూసుకుని ఇంటి నుంచి కదలాలి.

అక్కడి ప్రభుత్వానికి ఇది తెలియదని అనలేం. ఐర్లాండ్ ద్వీపం మొత్తానికి కలిపి తయారుచేసిన రైలు వ్యూహ సమీక్ష 2024 జూలై చివర వెలువడింది. 2050 నాటికి పూర్తి చేయవలసిన పనులకు, 2023 ధరల్లో, దాదాపు 3,700 కోట్ల యూరోల అంచనా వేశారు. నగరాల మధ్య గంటకొక బండి, గ్రామీణ ప్రాంతీయ దారుల్లో కనీసం రెండు గంటలకొక బండి ఉండాలని, అక్కడ వేగం కనీసం 120 కిలోమీటర్లకు చేరాలని అందులో ఉంది. మూతపడిన రాస్లేర్ దారిని మళ్లీ తెరవాలని కూడా ఉంది. కొత్త బండ్ల వైపు చూస్తే, కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ నుంచి 2019లో అడిగిన 41 అదనపు పెట్టెలు 2023లో సేవలోకి వచ్చాయి, 2021 డిసెంబర్‌లో ఆల్‌స్టామ్‌తో పదేళ్లలో 750 పెట్టెల దాకా కొనగలిగే ఒప్పందం జరిగింది. ఆ ఒప్పందం కింద మొదట వచ్చేవి డబ్లిన్ శివార్లకే, వాటిలో బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. అవి వచ్చాక అక్కడ ఖాళీ అయ్యే డీజిల్ బండ్లు జిల్లాలకు దిగుతాయి, పెద్దకొడుకు చొక్కా మళ్లీ చేతులు మారుతుంది. అలా వచ్చిన చొక్కానైనా రోజుకు రెండుసార్లు కాక రోజంతా తొడిగే ఏర్పాటు చేస్తే లిమరిక్ వారికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

ప్రయాణికుడిగా నాకు నచ్చిన చిన్న విషయాలు ఇంకా ఉన్నాయి. స్టేషన్ బోర్డుల మీద ఐరిష్ భాష ముందు, ఇంగ్లీషు తరువాత ఉంటాయి. ఇంట్లో ఐరిష్ మాట్లాడేవారు కొద్దిమందే అయినా బండిలో ప్రకటన మొదట ఆ భాషలోనే వినిపిస్తుంది. 1966లో, బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ తిరుగుబాటులో ఉరికంబానికీ తుపాకీకీ బలైన నాయకుల పేర్లను 15 స్టేషన్లకు పెట్టారు. లిమరిక్ స్టేషన్‌కు ఉన్న కోల్‌బర్ట్ పేరు అలా వచ్చినదే. డబ్లిన్ వైపు వెళ్లే పెద్ద బండిలో సీటు ముందుగా తీసుకుంటే ఆ సీటు పైన మన పేరు వెలుగుతుంది. అక్కడ తన పేరును చూసి మా ఆవిడ ఫోటో తీయించుకుంది. ఉద్యోగ జీవితమంతా నేను ఇచ్చిన పాసుల మీద తిరిగినా ఇంత మర్యాద దొరకలేదని మా అమ్మాయికి ఫోనులో చెప్పింది, నేను వింటున్నానని తెలిసే చెప్పింది.

వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన సంగతులు కొద్దివే. బాలీబ్రఫీ, వాటర్‌ఫర్డ్ దారుల్లో వెళ్లే ముందు తిరుగు బండి వేళను కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి, ఎందుకంటే అది తప్పితే ఆ రోజుకు ఇంకోటి ఉండకపోవచ్చు. తినడానికి ఏదైనా వెంట ఉండాలి, ఈ చిన్న బండ్లలో క్యాటరింగ్ ఉండదు, చాయ్ అంటూ కేకవేసే మనిషీ రాడు. మొదటి ప్రయాణానికి గాల్వే దారి మంచిది. పాత బండి కదా అని జంకనవసరం లేదు.

నా చివరి మార్కులు పెట్టెకు ఏడు, సిబ్బందికి తొమ్మిది, దారి పక్క దృశ్యానికి తొమ్మిది, వేళల పట్టికకు మూడు. మా టీ కొట్టు మిత్రుల్లో ఒకాయన, కంట్రోల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, వచ్చే జూన్‌లో కొడుకు దగ్గరికి లిమరిక్ వెళ్తున్నాడు. ఈ మార్కులు విని, వాటర్‌ఫర్డ్ దారి పట్టిక తెమ్మని నన్ను తొందరపెట్టాడు. తెచ్చి ఇస్తే, కళ్లజోడు సర్దుకుని, టీ గ్లాసు పక్కన పెట్టి, పెన్సిల్‌తో అందులో మూడో బండికి ఎక్కడ క్రాసింగు ఇవ్వవచ్చో గీతలు గీయడం మొదలుపెట్టాడు.